పొగ లేవని ఉదయం

యుద్ధం తరవాత దేశం ఎలా కోలుకుందో చెప్పే పుస్తకాలు చాలా చదివాను. పెట్రోలు మళ్ళీ దొరకడం వాటిలో ఒక్క వాక్యం. ఆ వాక్యం దగ్గర నాకు చదువు సాగదు. పుస్తకం మూసి కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాను, ఈ వయసులో కూడా.

పెట్రోలు కరువైన రోజుల్లో మా చోడవరం నుంచి అనకాపల్లి వెళ్ళే బస్సు బొగ్గుతో నడిచేది. వెనకాల పెద్ద డ్రమ్ములాంటి పొయ్యి. పొద్దున్నే దాన్ని రాజేస్తే, ఇంజను కదలడానికి చాలాసేపు పట్టేది. అందుకని ఊళ్ళో ఎవరూ గడియారం చూసి బయల్దేరేవారు కాదు. ఇళ్ళ కప్పుల మీదుగా పొగ కనిపించాక అన్నం తిని, మూట కట్టుకుని, తీరిగ్గా నడిచినా బస్సు అందేది. యుద్ధం ముగిశాక కూడా చాలాకాలం అదే అలవాటు.

అమ్మ అనకాపల్లి అవతల విశాఖపట్నంలో, ఆసుపత్రిలో ఉంది. పురిట్లో బిడ్డ దక్కలేదు. ఒక సాయంత్రం, ఆమెకు బాగాలేదు, వెంటనే రమ్మని తంతి వచ్చింది. అప్పటికి బస్సులు అయిపోయాయి. మర్నాడు నేను లేచేసరికి నాన్న చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పొగే లేవలేదు కదరా. ఇప్పుడెల్లి ఏటి సేస్తావు? రెండు ముద్దలు తినేసి ఎల్లు నాయినా," అంది నానమ్మ.

"తినబుద్ధి కాట్లేదమ్మా."

"ఆసుపత్రిలో నీకెవులు పెడతారు? కూకో."

తిన్నాడు. ప్రయాణానికి ముందు మా ఇంట్లో ప్రార్థన తప్పదు. అందరం మోకరించాం. నానమ్మ ప్రార్థన పొడుగ్గా సాగింది. మధ్యలో నాన్న కళ్ళు తెరిచి కిటికీలోంచి చూశాడు. పొగ లేదు.

సాగనంపడానికి నేనూ వెళ్ళాను. బస్సు ఆగే చోట మూటల మీద కొందరు కూర్చుని ఉన్నారు. బస్సు లేదు.

"ఇంకెక్కడి బస్సు బాబూ," అన్నాడు టీ కొట్టతను. "కొత్తది ఏసేరు, పెట్రోలుది. డ్రైవరు ఇలా ఎక్కేడు, అలా ఎలిపోనాడు. సగం కాళీగానే ఎల్లింది."

"నాను పొగ కోసం సూస్తన్నాను," అన్నాడొక ముసలాయన.

"పొగ కావాలంటే సుట్ట ఎలిగించుకో మావా."

అందరూ నవ్వారు, ముసలాయనతో సహా. బస్సు తప్పి వాళ్ళకి పోయింది ఒక్క రోజు సంతే. నాన్న మళ్ళీ బస్సు ఎప్పుడని అడిగాడు. మధ్యాహ్నం దాటాక అన్నారు. ఆయన చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు.

"దార్లో బెల్లం బండి దొరికితే ఎక్కుతాను. నువ్వు ఇంటికెల్లు. బస్సు అందిందని సెప్పు నానమ్మకి."

అలాగే చెప్పాను.

అమ్మ ఆ మధ్యాహ్నమే పోయింది. నాన్న ఆసుపత్రి చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఈ సంగతి నానమ్మ పోయిన తరవాత గాని నాకు చెప్పలేదు.

అమ్మను అక్కడే సమాధి చేసి, కొత్త బస్సులో తిరిగొచ్చాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఉన్నంతసేపు అమ్మను తలుచుకుని, వెళ్ళేముందు కొత్త బస్సు ఎలా ఉందని అడిగారు. ఊరంతా అదే మాట. నాన్న ఓపిగ్గా చెప్పాడు: మెరక దగ్గర దిగి తొయ్యక్కర్లేదు, బట్టలకి మసి అంటదు.

వాళ్ళు వెళ్ళాక నానమ్మ అడిగింది. "ఆ రోజు నువ్వెక్కింది ఆ బస్సేనా?"

"అదే."

"పొగ రాదంట కదరా దానికి."

"రాదు. నేనెల్లేసరికి ఇంకా ఉంది. ఎక్కేను."

నానమ్మ ఆయన ముఖం వైపు చాలాసేపు చూసింది. "అయితే, కోడలు నీతో మాటాడిందా?"

"మాటాడింది."

"ఏటంది?"

నాన్న లేచి నిలబడ్డాడు. "నిన్నే అడిగింది. బాగున్నావా అని."

నానమ్మ చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నాన్న పెరట్లోకి వెళ్ళి ఆ గోడ నుంచి ఈ గోడకి నడవసాగాడు. భోజనానికి పిలిస్తే వచ్చి, నిలబడే తిన్నాడు.