నా పెనిమిటి పేరు నా నోట పలికించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ ప్రభువు పేరట వందనాలు. నేను కోదాడ మార్తమ్మను. సాక్ష్యం చెప్పమన్నప్పుడే మా పాస్టరుగారితో అన్నాను, నాకు మెత్తగా మాట్లాడడం రాదయ్యా, కడుపు మండిన సంగతి మండినట్టే చెబుతానని. ఆయన సరేనన్నారు, ఇక మీరు ఓర్చుకోవాలి.

యుద్ధం ఆగిపోయాక నా పెనిమిటి ఒక మేస్త్రీ వెంట రంగూన్‌కు, బియ్యం మిల్లు పనికి పోయాడు. పోయే ముందు ఈ మిర్యాలగూడలోనే బాప్తిస్మం తీసుకుని యోహాను అయ్యాడు. మల్లయ్య అనే పాత పేరుతో ఎవరు పిలిచినా ఇక పలకనన్నాడు, అన్నట్టే పలకలేదు కూడా! ఒకటి రెండేళ్లు క్షేమమనే కబురు అందింది, తర్వాత ఏమీ లేదు.

నైజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు, అదే మిల్లులో పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన మా గడప ముందు నిలబడి చెప్పాడు. అక్కడ తిరుగుబాటు లేచిందట, మిల్లు మూసేశారట, పని వెతుక్కుంటూ తిరుగుతున్న నా పెనిమిటిని నీవు ఏ దేశపువాడివో రుజువేదని జైలులో వేశారట, లోపల జ్వరంతో లేవలేక పడి ఉన్నాడట! రంగూన్‌లో మన దేశపు రాయబార కచేరీ ఉందట, వాళ్లు వచ్చి ఇతడు మావాడే అంటే విడిచిపెడతారట, కాని ఫలానా మనిషి ఉన్నాడని ఇక్కడి సర్కారు వాళ్లకు తెలపాలట. ఆలస్యం చేయకమ్మా, మనిషి దక్కడు అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇలాంటి అర్జీలు తీసుకునే అధికారి ఒకాయన సూర్యాపేటలో దిగాడంటే, మా పెద్దమామను, అంటే నా మామగారి అన్నను, వెంటపెట్టుకుని పోయాను. ఎందుకు వెంటపెట్టుకున్నానంటే మన ఆచారం మీకు తెలియనిదా! పెళ్లాం మొగుని పేరు పలకకూడదు, పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుంది. అందుకని పెద్దమామ లోపలికి పోయి మాట్లాడాడు, నేను కొంగు కప్పుకుని బయట అరుగు మీద కూర్చున్నాను. నాట్లనాడు పెట్టిన అర్జీకి కోతలప్పుడు జవాబు వచ్చింది. అలాంటి మనిషి ఏ జైలులోనూ లేడట!

అక్కడ అర్జీలు రాసుకునే మునిషీ నా మొహం కూడా చూడకుండా, "లేని మనిషి కోసం మమ్ముల పరేషాన్ చేస్తున్నవా? గాడ ఇంకోదాన్ని కట్టుకొని ఉంటడు, పో" అన్నాడు. ఎంత మాట! సముద్రం అవతల జ్వరంతో పడి ఉన్న మనిషిని అంత మాట అనడానికి వాడికి నోరెలా వచ్చింది? ఇంటికి వస్తే పెద్దమామది ఇంకో పాట. "వాడు ఖతమైండు బిడ్డా, జైల్ల ఉంటే దొరకకపోతడా? ఇగ గాజులు తీసెయ్" అని చుట్టాలందరినీ పోగేశాడు. రేపు తీస్తారనగా నేను పొయ్యి మీద కుండ పెట్టి, అది పొంగుతున్నా చూడక, ఆ పొయ్యి ముందే మోకరించాను. కోపంతోనే ప్రార్థించాను, దాచేదేముంది!

"ప్రభువా, పిచ్చుకలను కూడా మరువనివాడవే, నా పెనిమిటిని ఎట్లా మరిచావు? ఎవరూ మావాడు అనకపోతే నీవైనా అనవా? నీ బిడ్డ యోహానును..."

అంతే, నోరు ఆగిపోయింది. పెళ్లయిన నాటినుండి పెనిమిటి పేరెత్తని నా నోటివెంట నాకు తెలియకుండానే ఆయన పేరు వచ్చేసింది! అప్పుడు తట్టింది సహోదరులారా, దేవుడే తట్టించాడు, సూర్యాపేట కచేరీలో పెద్దమామ ఏ పేరు చెప్పి ఉంటాడు? కుండ అక్కడే వదిలి పరుగెత్తాను.

"ఏం పేరు జెప్పినవ్ మామా?"

"మల్లయ్యనే జెప్పిన. మా తమ్ముడు కొడుక్కు పెట్టుకున్న పేరు గదే గదా! మీ కిరస్తానం పేర్లు నా నోటికి రావు."

చూశారా! నోటికి రాదట! నా పెనిమిటి ప్రాణం మీదికి వచ్చినా సరే, ఈ పెద్దమామ పంతానికి పేరు రాదట! రంగూన్‌లో యోహాను మగ్గుతుంటే వీళ్లు మల్లయ్యను వెతికించారు. మరునాడు గాజులు తీయడానికి వచ్చినవాళ్లకు నేను ఇంట్లో దొరకలేదు, సూర్యాపేట దారిలో ఉన్నాను.

ఈసారి అరుగు మీద కూర్చోలేదు, లోపలికే పోయాను. నా పెనిమిటి పేరు యోహాను అన్నాను. మునిషీ నవ్వి, "మొగుని పేరు చెప్తున్నవ్, సిగ్గులేదా?" అన్నాడు.

"చెప్పకుంటేనే సచ్చిపోయేటట్టున్నడు సారూ! యోహాను, యోహాను! రాసుకోండి!" అని అరిచాను. ఆ అరుపుకు అధికారి బయటికి వచ్చాడు, సంగతంతా విన్నాడు, ఆ పూటే రంగూన్‌కు తంతి కొట్టించాడు. అక్కడి రాయబార కచేరీ వాళ్లు జైలుకు పోయి పేరు పిలిస్తే, నా పెనిమిటి గోడ పట్టుకుని లేచి, ఉన్నానయ్యా అన్నాడట. వాళ్లే మందు ఇప్పించి ఓడ ఎక్కించారు. ఇదిగో, మగవారి వరుసలో కూర్చుని తల వంచుకుని సిగ్గుపడుతున్నాడు. ఆయన ఆయుష్షేమీ తగ్గలేదు. స్తోత్రం దేవునికి, మహిమ అంతా ఆయనదే!

కాని నా కోపం ఇంకా తీరలేదు. ఆ జైలులోనే మనవాళ్లు ఇద్దరు ఉండిపోయారు, ఒకాయనది హాలియా, ఇంకొకాయనది వేములపల్లి. వాళ్ల కోసం ఎవరూ అడగలేదట. చెల్లెండ్లారా, ఆ ఇంటివాళ్లు మీలో ఎవరైనా ఉంటే దేవుని నమ్మి లేవండి, కూడిక కాగానే నా దగ్గరకు రండి. పొద్దున్నే సూర్యాపేటకు బయలుదేరదాం. దారి నాకు తెలుసు, ఆ మునిషీ సంగతి నేను చూసుకుంటాను. పేరు మాత్రం మీరే చెప్పాలి.