అంజమ్మక్క టోటల్

మా వీధిలో ఇస్త్రీ బండి దాటుతుంటే, తడి బట్ట మీద వేడి పెట్టె ఆనినప్పటి ఆవిరి వాసన ముక్కుకు తగులుతుంది. ఎంత పని ఉన్నా అక్కడ ఒక్క క్షణం నిలబడిపోతాను. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన రెండేళ్లకు, పదో తరగతి పాసైన నేను విమానాల దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేరాను. ఆ రేకుల షెడ్డులో మాకు పెద్ద దిక్కు అంజమ్మక్క. దగ్గరి ఊళ్ళో జొన్న చేను చేసుకునే కుటుంబం వాళ్ళది. ఇంగ్లీషు అక్షరం రాదు. దుప్పటిని మాత్రం అరచేత్తో ముట్టి, లోపల ఎంత తడి మిగిలిందో చెప్పేసేది.

రోజూ నేను రాసే కాగితంలో చివరి గడి పేరు ‘టోటల్’. చేరిన వారంలోనే అక్క దాని మీద వేలు పెట్టింది.

“ఏం పిల్లా, దీని అర్థమేంది?”

“కూడితే వచ్చే లెక్క, అక్కా.”

“మరి మొన్న మేనేజరు సారు, మిషను టోటల్ ఖరాబైందన్నడు. అండ్ల ఏం కూడిండు?”

నాకు నవ్వొచ్చింది. “అంటే... పూర్తిగా అని” అన్నాను.

“గట్ల చెప్పు. ఏదీ మిగలకుంటేనే టోటల్.”

అప్పటి నుంచి ఆ మాటను ఎక్కడ పడితే అక్కడ వాడేది. వాన పడితే “టోటల్ తడిసిన”, కూర నచ్చితే “టోటల్ ఊడ్చిన”. మేమంతా ఆటపట్టించేవాళ్ళం. ఆమె మాకంటే గట్టిగా నవ్వేది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, బట్టలు ఆరబెట్టే యంత్రంలో పేరుకున్న బట్టల నూగుకు నిప్పంటుకుంది. నిమిషాల్లో షెడ్డంతా పొగ. అందరం బయటికి ఉరికాం. హాజరు పుస్తకం నా చేతిలోనే ఉంది. పేర్లు పిలిచాను. పద్దెనిమిది మందీ పలికారు. “టోటల్ సరిపోయింది సార్” అన్నాను. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు.

అంజమ్మక్క మాత్రం మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చింది. “జల్‌పల్లి ఆమె ఏది?”

జల్‌పల్లి నుంచి షబానా ఆ పొద్దునే కొత్తగా పనిలోకి వచ్చింది. నా తల్లి వయసుది. పేరు తర్వాత రాద్దాంలే అని నేనే వదిలేశాను. “ఫైరింజను వస్తోంది, ఆగమ్మా” అని మేనేజరు అరుస్తూనే ఉన్నాడు. అక్క తడి దుప్పటి కప్పుకొని లోపలికి పోయింది. దారి తెలియక వెనక గదిలో గోడకు ఆనుకుపోయిన షబానాను రెక్క పట్టి తెచ్చింది. ఇద్దరూ దగ్గుతూ నేల మీద కూలబడ్డారు. అక్క మోచేయి కాలి బొబ్బలెక్కింది.

దవాఖానలో ఆమె పక్కన కూర్చొని ఏడ్చాను. “నా తప్పే అక్కా.”

“తప్పే” అంది. ఓదార్చలేదు. తర్వాత కాలని చేత్తో నా తల నిమిరింది. “రేపటి సంది ముందుగాల మొకాలు చూడు. ఇగ తర్వాతనే బుక్కు.”

ఇప్పుడు నేను ఒక బడిలో పనిచేస్తున్నాను. సాయంత్రం పిల్లల బస్సు కదిలే ముందు, కాగితంలో సంఖ్య సరిపోయినా సరే, చివరి సీటు దాకా నడుస్తాను. ఆరాంఘర్ ట్రాఫిక్ తలుచుకొని డ్రైవరు హారన్ కొడతాడు. “లెక్క కలిసింది గద మేడం?”

“జర ఆగన్నా” అంటాను. సీట్ల మధ్య వంగి, నిద్రపోయిన వాళ్ళ ముఖాలు కూడా చూశాకే దిగుతాను.