అవ్వకు చెప్పిన సగం పాఠం

మొన్న ఆదివారం మొయినాబాదులోని మా క్రైస్తవుల గుడిలో, కొత్తగా వచ్చిన పాదిరి అయ్యగారు మైకు పట్టుకుని, రక్షణ నిశ్చయత ఉన్నవాళ్ళంతా, అంటే దేవుడు తమను రక్షించాడని గట్టిగా తెలిసినవాళ్ళంతా, చేతులెత్తండి అన్నారు. పిల్లా పెద్దా అందరి చేతులూ లేచాయి, పక్కన కూర్చున్న నా మనుమరాలి చెయ్యి అందరికంటే ముందు లేచింది. నా చెయ్యి మోకాలి మీదనే ఉండిపోయింది. తాతకు వినబడలేదనుకుని ఆ పిల్ల నా మోచెయ్యి పొడిచింది కూడా. వినబడింది. నిశ్చయత అన్న మాట చెవిన పడితే చాలు, ఇన్నేళ్ళయినా మా అవ్వ, నన్ను కన్నతల్లి, కళ్ళ ముందు నిలబడుతుంది.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, నేను పట్నంలో పాదిరి చదువు చదువుతున్నాను. ఆ ఏడాది చదువులు ఎట్లా అటకెక్కాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మధ్యయుగాల వేదాంతం చెప్పే మాస్టారు ఆ రోజు కృపను గురించిన పాఠం మొదలుపెట్టారు. తనలో దేవుని కృప ఉన్నదో లేదో ఏ మనిషీ నిశ్చయంగా తెలుసుకోలేడని, కొన్ని గుర్తులను బట్టి ఊహించుకోవడమే తప్ప మరో దారి లేదని ఆ కాలపు పండితుడొకాయన రాశాడట. అంతవరకు నోట్సు రాయించి, తక్కినది రేపు చెబుతానని ఆయన పుస్తకం మూశారు. ఆ రేపు రాలేదు. తెల్లారేసరికి కాలేజీ మూసి మమ్మల్ని ఊళ్ళకు పొమ్మన్నారు. బస్సులు లేక, పెట్టె నెత్తిన పెట్టుకుని బీజాపూరు రోడ్డు వెంట నడిచి, నడుమ ఎడ్లబండి దొరికితే ఎక్కి, చేవెళ్ల దగ్గరి మా ఊరు చేరాను.

బాపు నా చిన్నప్పుడే పోయాడు, ఇంట్లో ఉన్నది అవ్వా నేనే. ఆమె పటేలు చేలలో కూలికి పోయేది. పొద్దంతా కలుపు తీసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఎదుట కూర్చుని, పట్నంలో ఏం నేర్చుకున్నావో చెప్పమనేది. అక్షరం ముక్క రాని మనిషి, కొడుకు నోట పెద్ద మాటలు వింటుంటే ఆమె మొహం వెలిగిపోయేది, అది చూసి నాకు కాలు నేల మీద నిలిచేది కాదు. అట్లాంటి ఒక సాయంత్రం ఆ పాఠం చెప్పాను, గుర్తులతో సహా: దేవుని సన్నిధిలో ఆనందం కలగడం, లోకపు వస్తువుల మీద ఆశ చావడం.  ఆమె నెమ్మదిగా, "ప్రార్థనల కూసుంటే నాకు నిద్రనే వస్తది బిడ్డా. పటేలమ్మ కొత్త చీర కడితే పానం గుంజుతది. మరి నాల కృప లేనట్టేనా?" అన్నది.

నేనేమన్నాను? చూసుకోవాలె అవ్వా, పెద్దలు ఉత్తగనే రాయరు గదా అన్నాను. ఛీ, పరీక్షలో జవాబు చెప్పినట్టున్న ఆ నా గొంతు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఆదివారం ప్రభు భోజనం అనగా, శనివారం, ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి ఇల్లిల్లూ తిరిగి, రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకునేవాడు. మనసులో తగవో సందేహమో ఉన్నవాళ్ళు, అట్లా ముట్టుకుంటే పాపమని, పేరు రాయించుకోకుండా ఆగిపోయేవారు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఒక్కసారైనా మానని అవ్వ ఆ శనివారం తన పేరు రాయవద్దన్నదట. మరునాడు గుడిలో, అందరూ లేచి రొట్టె, రసం పెట్టిన బల్ల దగ్గరికి పోతుంటే ఆమె ఒక్కతే చాప మీద కొంగు కప్పుకుని తల వంచుకుని కూర్చుంటే గాని నాకు తెలియలేదు. బతిమాలాను, కోప్పడ్డాను, కాని నా పాఠంలో లోపం ఉన్నదని మాత్రం అనలేదు. నిజం చెప్పాలంటే, నా చదువుకు ఆమె ఇంత విలువ ఇచ్చిందని లోలోపల కొంచెం పొంగిపోయాను కూడా. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

నెలకొకసారి వచ్చే ఆ ప్రభు భోజనం అట్లా రెండు మూడు సార్లు దాటిపోయింది. వానలు పడ్డాక ఆమెకు జ్వరం తగిలింది, చేవెళ్ల దవాఖానలో మందిచ్చినా దిగలేదు. ఆఖరికి అప్పటి అయ్యగారు మొయినాబాదు నుంచి బురదలో సైకిలు తోసుకుంటూ రొట్టె, గిన్నె పట్టుకుని వచ్చారు. పేరు రాయించే పని లేదమ్మా, నోరు తెరిస్తే చాలన్నారు. అవ్వ నా వైపు చూసింది.

"నిశ్చయం లేకుంట ఎట్ల ముట్టుకుంట కొడుకా? నువ్వే గద చెప్తివి."

అని పెదవులు బిగించుకున్నది. మరునాడు మధ్యాహ్నం పోయింది.

కాలేజీ మళ్ళీ తెరిచారు. ఎక్కడ ఆపామని మాస్టారు అడిగితే నేనే లేచి చెప్పాను. ఆయన తలూపి తక్కిన సగం రాయించారు: మనిషికి తన సంగతి నిశ్చయంగా తెలియకపోయినా నిరీక్షణకు, అంటే దేవుని మీద పెట్టుకున్న ఆశకు, ఒక నిశ్చయం ఉన్నదట, ఎందుకంటే అది మనలోని గుర్తులను విడిచి దేవుని దయను పట్టుకుని నిలుస్తుందట. కళ్ళలో నీళ్ళకు అక్షరాలు అలుక్కుపోతున్నా రాస్తూనే ఉన్నాను. చదువు ముగించాను గాని పాదిరిని కాలేకపోయాను. బడిపంతులునై, పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతికాను.

ఇప్పుడు పేర్లు రాసుకునే ఉపదేశి లేడు, చాపలు లేవు. ద్రాక్షరసం చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో కూర్చున్న చోటికే వస్తుంది, నిశ్చయం ఉన్నదా అని ఒక్కొక్కరినీ ఆపి అడిగేవాళ్ళు లేరు. మొన్న నా గిన్నె మనుమరాలే అందించింది, ఆమె చూస్తున్నదని తాగాను. ఈ వయసులో నాకూ ప్రార్థనలో కళ్ళు మూతపడుతున్నాయి, అప్పుడల్లా అవ్వ అడిగిన ప్రశ్న గుర్తుకొస్తుంది. పొద్దంతా ఎండలో వంగి కలుపు తీసినవు, నిద్ర రాక ఏమొస్తది అవ్వా, అంటే సరిపోయేది. ఆ మాటకు రెండో సగం పాఠం కూడా అక్కరలేదు. ఆనాడు మట్టి పట్టిన ఆమె చేతులు చూస్తూ ఎదుటనే కూర్చుని ఉన్నాను, ఆ ఒక్క మాట నాకు తోచలేదు.