ఉమ్మడి గోడకు కంత

మొన్న తెల్లాపూర్‌లో మా ఫ్లాటుకు ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్ గోడకు డ్రిల్లు మిషన్‌తో చేతిగాజంత బెజ్జం వేశాడు. సిమెంటు పొడి సన్నగా రాలి సోఫా మీదా నా జుట్టు మీదా పడింది, గది నిండా పొడివాసన లేచింది. ఇది కాదే ఆ వాసన, అనుకుంది నా ముక్కు. ఏ వాసన అని కాసేపు నాలో నేనే వెతుక్కుంటే దొరికింది. పాశమైలారం పక్కన మా పాత ఇంట్లో, మూరెడు మందం మట్టిగోడను గడ్డపారతో తొలిచిన రోజు లేచిన వాసన అది: తొలకరికి తడిసిన చెలక వాసన, దాని అడుగున పాత సున్నం, ఎండుగడ్డి, ఎప్పుడో గోడలో కలిసిపోయిన పేడ. ఇప్పుడు ఆ గోడా లేదు, ఆ ఇల్లూ లేదు.

మాది పెంకుటిల్లు. తాత కట్టిన ఒక్క ఇంటిని ఆయన కొడుకులిద్దరూ రెండు వాటాలు చేసుకున్నారు. మేము నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన అన్నను పెద్దబాపు అనేవాళ్లం. వాళ్లిద్దరినీ కన్న అవ్వ మా వాటాలో ఉండేది. అవ్వ అర్రకు మూడు వైపులా మా గదులే. నాలుగో గోడకు అవతల పెద్దబాపు వాళ్ల వాకిలి, వాకిట్లో వాళ్ల బర్రె, వేపచెట్టు కింద ఆయన నులక మంచం. ఆ గోడ ఇద్దరిదీ. మా దగ్గర ఉమ్మడి గోడకు ఒక కట్టుబాటు ఉండేది. దానికి క్యాలెండర్ మేకు కొట్టాలన్నా అవతలి ఇంటికి పోయి అడిగి రావాలి. అడిగితే కాదనేవాళ్లు ఎవరూ లేరు గానీ, అడగకుండా కొడితే మాత్రం ఊళ్లో మాట పడాల్సిందే.

అసలు అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లట. కంపెనీ కోసం భూములు పోయినప్పుడు ఇంటికొక్క ఉద్యోగం అన్నారు, చదువు వచ్చినవాడు గనక అది మా బాపుకు వచ్చింది. పెద్దబాపుకు మిగిలింది కుంట అవతల ఇంత చెలక, వాన పడితేనే పండే నేల. ఆ రోజే ఆయన నలుగురిలో, "నీ గడప తొక్క, నీ ఇంటి దిక్కు మొకం పెట్టి మాట్లాడ" అన్నాడు. మా పెద్దబాపు మాటంటే మాటే, గాడిద మొండితనం. మా బాపుదీ తక్కువేం కాదు, అదే కడుపున పుట్టాడు కదా.

అయినా మాకేం లోటు, మేము పిల్లలం. ఎండాకాలం వస్తే పెద్దమ్మ వాకిట్లో కచ్చకాయలు, అరుగు మీద అష్టాచెమ్మా, మధ్యాహ్నం ఇంత అంబలిలో ఉల్లిగడ్డ కొరుక్కుని తాగి మళ్లీ ఆటలోకి పరుగు. వానాకాలం మక్క కంకులు కాల్చుకుని మూతులు నల్లగా చేసుకోవడం. బతుకమ్మ వచ్చిందంటే గునుగు పూలకూ తంగేడు పూలకూ పొద్దున్నే చెలకల్లో పడి, సాయంత్రానికి నువ్వుల సత్తు, పల్లి సత్తు, మక్క సత్తు కాగితాల్లో పంచుకుని నోటినిండా పోసుకుని దగ్గుకుంటూ నవ్వడం. అవ్వ ఈ రెండు ఇళ్లకూ మధ్య రోజుకు ఎన్నిసార్లు తిరిగేదో. చుట్టూ గల్లీలోంచి పోవాలి, అయినా చేతిలో కట్టె, కొంగున ఏదో మూట, పోయేది, వచ్చేది. ఇద్దరు కొడుకుల మధ్య మాటలు ఆగిపోయాక ఆ తిరుగుడే రెండు ఇళ్లను పట్టుకుని ఉంచిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత కంపెనీలు పెరిగాయి. పొద్దు వాలి గాలి మళ్లే వేళకు ఒక వాసన వచ్చేది. మందుగోళీ నాలుక మీద కరిగిపోతే వచ్చే చేదు, దానికి కుళ్లిన వెల్లుల్లి తోడు. మేము ముక్కులు మూసుకుని ఆడుకునేవాళ్లం, అవ్వకు మాత్రం దమ్ము లేచేది. మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుని గాలి కోసం కొట్టుకుంటుంటే మా అమ్మ వీపు రుద్దుతూ ఏడ్చేది. రానురాను గల్లీ చుట్టి పెద్దబాపు ఇంటికి పోవడం అవ్వ వల్ల కాలేదు. ఆయన మా గడప తొక్కడు, ఈమె ఆయన గడప దాకా నడవలేదు. సంగారెడ్డి డాక్టరు, ఆ వాసన తగలకుండా మూసిన గదిలో పెట్టుకోండి, చలికాలం చలిగాలీ పడదు జాగ్రత్త, అన్నాడు. మా ఎండల్లో కిటికీ లేని అర్ర తలుపు మూస్తే మనిషి ఉడికిపోడూ?

మా బాపుకు ఒక జబ్బు ఉండేది. కంపెనీలో పారేసే వస్తువేది చూసినా ఇంటికి పనికొస్తుందనిపించేది. ఈసారి మాత్రం నిజంగా పనికొచ్చేదే కంటబడింది. గెస్ట్‌హౌస్‌లోంచి తీసేసిన పాత ఏసీ, గోడలోంచి ఇటు నుంచి అటు దూరి కూర్చునే పెట్టె, ఎండాకాలం చల్లగాలీ చలికాలం వెచ్చగాలీ రెండూ ఇచ్చేది. బాపుతో పనిచేసే సత్యనారాయణ గారు దాన్ని బాగుచేసి తెచ్చారు. ఆయన గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, అందరినీ అండీ అంటారు, పెద్దబాపు బర్రెను కూడా అన్నారని మేము వెక్కిరించేవాళ్లం. అర్రంతా చూసి ఆయన నాలుగో గోడను వేలితో కొట్టి, "ఇదొక్కటేనండీ బయటి గోడ. లోపలి వేడి ఇటుగానే పోవాలి. పెట్టె వెనక భాగం కొంచెం అవతలికి పొడుచుకు రావాలండీ, లేకపోతే దానికీ ఊపిరాడదు" అన్నారు. బాపు మొహం మాడిపోయింది. అవతలిది అన్న వాకిలి. మేకు కొట్టడానికే అడగాల్సిన గోడకు ఏకంగా కంత పెట్టి, వేడి గాలంతా అన్న మొహం మీదికి వదలాలి, అదీ మాటలు లేని అన్న మొహం మీదికి.

అడగడానికి అవ్వే బయలుదేరింది. నేనూ మా అమ్మా చెరో రెక్క పట్టుకున్నాం. గల్లీలో రెండు చోట్ల కూర్చుని, ఆయాసపడి, చివరికి పెద్దబాపు గడప మీద కూలబడింది. "పెద్దోడా, నా దమ్ము మీ ఇద్దరి గోడ నడుమ ఇరుక్కున్నది. జెర కంత పెట్టనీయి" అన్నది. పెద్దబాపు తల వంచుకుని బర్రె తాడు పేనుతున్నాడు. తాడు చివర ముడి వేసి, "గోడ నీదే గదనే అమ్మా. కొట్టుకోమను. నన్ను మాట్లాడుమనకు" అన్నాడు.

ఆ మర్నాడే గోడ తొలిచారు. నేను మొదట చెప్పిన వాసన ఆనాటిదే. అయితే పెట్టెను మోసే చెక్క చట్రం వడ్రంగి దగ్గర ఆగిపోయింది, దాని వెనకే స్టెబిలైజర్ ఆగిపోయింది. మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే, స్టెబిలైజర్ లేకుండా పెడితే మిషన్ కాలిపోతుందన్నారు సత్యనారాయణ గారు. అట్లా ఆ ఎండాకాలం చాలా రోజులు గోడలో కంత తెరిచే ఉండిపోయింది, సాయంత్రాలు దానికి గోనెపట్టా కట్టేవాళ్లం. అబ్బ, ఏం రోజులవి! నా చిన్నతనం మొత్తంలో నాకు తిరిగి ఏదైనా ఇస్తామంటే ఆ రోజులే అడుగుతాను.

ముందు అటు నుంచి ఒక గిన్నె వచ్చింది, పెద్దమ్మ చేసిన పచ్చిపులుసు, అవ్వకని. గిన్నె ఉత్తగా తిరిగి పంపకూడదు కదా, మా అమ్మ మామిడికాయ పప్పు పోసి పంపింది. ఇక ఆగిందెక్కడ? తొక్కు పెట్టే రోజుల్లో ఇటు నుంచి అమ్మ వేలితో తీసి చూపిస్తే అటు నుంచి పెద్దమ్మ నాకి, "ఉప్పు ఎన్కవడ్డది చెల్లే" అనేది. పొద్దున కంతలోంచి ఎండ చారగా పడి అవ్వ మంచం మీద కూర్చునేది. మేమైతే ఇటు దూరి అటు తేలేవాళ్లం, మోకాళ్లకు మట్టి, వీపున అమ్మ చెయ్యి.

అన్నిటికంటే వింత పెద్దబాపుది. సాయంత్రం చెలక నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని నులక మంచం మీద కూర్చునేవాడు, కంత వైపు వీపు పెట్టి, బర్రెతో మాట్లాడేవాడు. "ఏందే, ఇయ్యాల దమ్మెట్లున్నది? బువ్వ తిన్నవా?" అని గట్టిగా అడిగేవాడు. లోపలి నుంచి అవ్వ, "తిన్న బిడ్డా, సల్ల వోసుకొని తిన్న" అనేది. బర్రె నెమరు వేస్తూ ఇద్దరినీ వినేది. ఒట్టూ పోలేదు, మాటా ఆగలేదు. మా బాపు డ్యూటీ నుంచి వచ్చి మా వాకిట్లోనే నిలబడి ఆ మాటలు అయ్యేదాకా లోపలికి రాకపోవడం నేను చూశాను.

చివరికి చట్రం వచ్చింది, స్టెబిలైజర్ వచ్చింది, పెట్టె కంతలోకి దూరింది. నీళ్లు అవతలికి పోయేట్టు వెనక్కి కొంచెం వాలుగా పెట్టి, చుట్టూ సందులన్నీ పూడ్చారు. సత్యనారాయణ గారు అవ్వను కూర్చోబెట్టి గుండీలన్నీ చూపించారు. ఇది చల్లదనం, ఇది వెచ్చదనం, ఇది ఆపడం. పక్కన చిన్న మీట ఒకటి ఉంది, లాగితే పెట్టెలో ఒక చిన్న తలుపు తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. "ఇది మాత్రం ముట్టుకోకండి మామ్మగారూ, ఎప్పుడూ మూసే ఉంచాలి" అన్నారు. అవ్వ బుద్ధిగా తలూపింది. మిషన్ గుర్రుమంది, మొదటి చల్లగాలికి మేమంతా మొహాలు పెట్టి కేకలు వేశాం. అర్ర చల్లబడింది. అటు పక్క చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

అవతల పెద్దమ్మ ఆ వేడిగాలిని ఊరికే పోనిస్తుందా? మంచం అడ్డం వేసి వడియాలు పెట్టింది. కారే నీళ్ల కింద గోరింట కొమ్మ నాటింది. చలికాలం వచ్చి మిషన్‌ను వెచ్చదనానికి తిప్పాక సంగతి తిరగబడింది, లోపల వెచ్చన, వాళ్ల వైపు వణికించే గాలి. వడియాల అలవాటు కొద్దీ తడి బట్టలు ఆరేస్తే అవి చల్లగా బిగుసుకుపోయాయి. "ఎండలకు ఉడుకు, సలికి ఇగం, రెండు మాకేనా?" అని పెద్దబాపు బర్రెను నిలదీసినట్టు పెద్దమ్మ చెప్పి నవ్వింది. బర్రెను మాత్రం ఆయన ఆ పక్క నుంచి తీసి వేపచెట్టుకు అవతల కట్టేశాడు.

ఇంత చేసినా అవ్వ దమ్ము తగ్గలేదు. పొద్దంతా బాగానే ఉండేది, సాయంత్రమయ్యేసరికి మళ్లీ అదే ఆయాసం. అర్రలో ఆ వాసన కూడా వచ్చేది. సందులు మళ్లీ పూడ్చారు, తలుపు కింద గుడ్డలు కుక్కారు, డాక్టరు మందు మార్చాడు. ఇట్లాగే పోతే ఈ చలికాలం దాటడం కష్టమని ఆయన బాపుతో విడిగా అన్నాడు, బాపు ఆ మాట అమ్మకు చెబుతూ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

మళ్లీ సత్యనారాయణ గారిని పిలిచారు. ఆయన సాయంత్రం వేళ వచ్చి అర్రలోకి అడుగు పెట్టేసరికి మిషన్ ఆపేసి ఉంది, మీట బయటికి లాగి ఉంది. అవ్వ పెట్టెకు చెవి ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది.

"అయ్యో, ఇది తీస్తే బయటి గాలంతా లోపలికి వచ్చేస్తుందండీ మామ్మగారూ."

"గందుకే తీసిన" అన్నది అవ్వ. "మూస్తే పెద్దోని గొంతు ఇనవడది."

పెద్దబాపు చెలక నుంచి వచ్చే వేళా, ఆ పాడు గాలి మళ్లే వేళా ఒక్కటే. ఇన్నాళ్లూ రోజూ ఆ వేళకు మిషన్ ఆపి, మీట లాగి, ఆ బెత్తెడు సందులోంచి కొడుకు బర్రెతో మాట్లాడే మాటలు వింటూ కూర్చుందన్నమాట. మా బాపు నేల మీద కూర్చుండిపోయాడు. "ఏందమ్మా గిట్ల జేస్తివి? నీకు దమ్ము కావాల్నా, అన్న మాట కావాల్నా?" అన్నాడు.

"దమ్ము దేనికి బిడ్డా? మీ ఇద్దరితోని మాట్లాడెటందుకే గద."

మీట తెరిచే ఉంది. మాట ఇటు వచ్చినట్టే అటూ పోతుందని మాలో ఎవరికీ తట్టలేదు. అవతల నులక మంచం కిర్రుమంది. గల్లీ చుట్టి వచ్చేంత సేపటికి మా వాకిట్లో చెప్పుల చప్పుడైంది. పెద్దబాపు గడప ముందు ఆగాడు, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, కుడికాలు లోపల పెట్టాడు. ఎవరినీ చూడకుండా తిన్నగా పెట్టె దగ్గరికి పోయి, "ఏది, ఇదేనా?" అని అడిగాడు. "అదేనే అన్నా" అన్నాడు బాపు. మా పెద్దబాపు తన చేత్తో ఆ మీటను లోపలికి నెట్టి, అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని, "ఇగ నేనే వస్త రోజు. నువ్వు దాన్ని ముట్టకు" అన్నాడు. మా అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయి అక్కడే ఏడ్చింది.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ ఆ అర్రలోనే. తలుపు మూసి, మిషన్ గుర్రుమంటుంటే, ఇద్దరన్నదమ్ములూ అవ్వకు చెరో పక్క కూర్చునేవాళ్లు. మొదట్లో ఇద్దరూ అవ్వతోనే మాట్లాడేవాళ్లు, పోనుపోను ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. అవ్వ ఆ చలికాలం దాటింది, తర్వాత ఇంకొన్ని చలికాలాలూ దాటింది. పెద్దమ్మ గోరింట చెట్టయింది, ఆషాఢం వస్తే రెండు ఇళ్ల ఆడపిల్లల చేతులూ ఆ ఏసీ నీళ్లతోనే పండేవి.

అవ్వ పోయింది. బాపు పోయాడు, ఏడాది తిరగకముందే పెద్దబాపూ పోయాడు. ఇల్లు అమ్మేశాం, అక్కడిప్పుడు ఏదో గోదాము. వాళ్లు పడగొట్టే రోజు నేను పోలేదు, పోయే ధైర్యం లేకపోయింది.

మెకానిక్ పని అయిపోయింది. రిమోట్ నా చేతికిచ్చి ఒక్కో బటన్ చూపిస్తుంటే, "బయటి గాలి లోపలికి రావడానికి దీనికి మీట ఏదైనా ఉందా బాబూ?" అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు. "అట్లాంటిది ఉండదు మేడమ్. లోపలి గాలినే తిప్పుతది. బెజ్జం కూడా సీల్ చేసిన, చీమ కూడా రాదు" అన్నాడు.

అతను వెళ్లాక తలుపులు మూసి ఏసీ వేసుకుని కూర్చున్నాను. చప్పుడే లేదు, గది ఎప్పుడు చల్లబడిందో కూడా తెలియలేదు. గోడ అవతల పక్క ఫ్లాటులో ఎవరో కుర్చీ జరిపారు. వాళ్లెవరో నాకు తెలియదు. ఈ గోడకు మేము మేకులు కొట్టుకున్నాం, అటు వైపు నుంచి వాళ్లూ కొట్టుకున్నారు, ఎవరూ ఎవరినీ అడగలేదు.