ముందు మేము తినాలి

జగిత్యాల హాస్టల్లో చదివేటప్పుడు నలుగురి ముందు తినాలంటే నాకు సిగ్గు. అందరూ లేచాకే వెళ్లేదాన్ని. మేమంతా పెద్దబాపు అని పిలిచే వంట రాజయ్య అప్పటిదాకా తినకుండా కూర్చునేవాడు. "నువ్వు తినంది నాకెట్ల దిగుతది బిడ్డా?" అనేవాడు.

ఈ మధ్య ఆయన చనిపోయాడు. మూడో రోజు గొల్లపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. ఆయనకిష్టమైనవన్నీ వండి పిట్టకు పెట్టారు. కాకి ముడితేనే మిగతావాళ్లు తినాలి. ఎండ నెత్తిమీదికొచ్చినా కాకులు గోడ దిగలేదు. ఆకలికి పిల్లలు ఏడుస్తున్నారు. "ఏం కోరిక మిగిలిందో" అని పెద్దలు దండాలు పెడుతున్నారు. నాకు తెలుసు, కానీ నోరు పెగలదు. లేచి వెళ్దామన్నా చుట్టూ జనమే.

చివరికి ఆయన భార్యతో మెల్లగా అన్నాను. "పెద్దమ్మా, మేము తినకముందు పెద్దబాపు ఏనాడూ తినలే."

"పిట్ట ముట్టకముందే తింటదట! గీ పోరికి గంత ఆకలా?" అందొక ముసలామె.

పెద్దమ్మ నా ముందు విస్తరి వేసింది. "తిను బిడ్డా."

అందరూ నన్నే చూస్తుంటే మొదటి ముద్ద కలిపాను. తల వంచుకునే విస్తరి ఖాళీ చేశాను. కాకి ఎప్పుడు వాలిందో చూడలేదు. తలెత్తేసరికి నా పక్కన వరుసగా అందరూ తింటున్నారు.

ఆ సిగ్గు ఇంకా పోలేదు. కానీ ఇప్పుడు అన్నానికి పిలిస్తే ఆలస్యం చేయను. నా కోసం ఎవరో తినకుండా కూర్చున్నట్టే ఉంటుంది.