పెద్దాయన కోటు లోపలి బట్ట

మా బావ దర్జీ. మనిషి దారప్పోగులా ఉంటాడు. ఆయనకి రెండు అలవాట్లు. ఏది కుట్టినా కుట్టు లోపల బెత్తెడు బట్ట వదులుతాడు. ఎవరికి ఒళ్లొచ్చినా ఆ మాట నోటితో మాత్రం అనడు, గిరాకీ పోతుందని భయం. ఈ రెండు అలవాట్లూ కలిసి మా అక్క పెట్టె మీదికి వచ్చాయి.

దేశమంతా పెద్దాయన అని పిలిచే నాయకుడు అప్పట్లో చిన్న ప్లీడరు. మొదటి ఎన్నికల కోసం బావ దగ్గర బూడిదరంగు కోటు కుట్టించుకున్నాడు. అదే తానులో ఇంకో ముక్క కొని బావ తన పెళ్లికోటు కుట్టుకున్నాడు. రెండింటికీ కాజాలు మా అక్కే కుట్టింది. అప్పటికింకా పెళ్లి కాలేదు, కాజాల పేరుతో కొట్టుకి వెళ్లేది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

పాతదేదీ కదపకూడదన్నది పెద్దాయన సిద్ధాంతం. వీధికి కొత్త పేరు పెడతామన్నా అడ్డుపడేవాడు. ఆడవాళ్లు ఇంటిపట్టున ఉంటేనే దేశం బాగుంటుందనేవాడు, అదీ మా అక్క కుట్టిన కాజాల్లో గుండీలు పెట్టుకుని! అక్క ఆయనకి ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. అయినా గెలిచాడు, మంత్రి అయ్యాడు, పార్టీకి పెద్ద దిక్కయ్యాడు. ప్రతి సభలోనూ చివర కోటు తట్టి చూపించేవాడు.

"నా మొదటి ఎన్నికల కోటే ఇది. ఇప్పటికీ సరిపోతోంది. నేను మారలేదు!"

జనం చప్పట్లు కొట్టేవారు. రేడియో ముందు బావ తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకునేవాడు. కోటు ఇస్త్రీకి వచ్చినప్పుడల్లా చడీచప్పుడు లేకుండా కుట్లు విప్పి వదులు చేస్తున్నది ఆయనే మరి. పదవితో పాటు పొట్టా పెరుగుతోంది.

చివరికి పెద్దాయన దేశానికే అధినేత అయ్యాడు. ప్రమాణ స్వీకారానికని కోటు కొట్టుకి వచ్చింది. బావ కుట్టు విప్పి చూస్తే లోపల బట్ట అయిపోయింది. మర్నాడు దేశమంతా చూస్తుండగా గుండీ పట్టకపోతే ఆయన మాటా పోతుంది, బావ పేరూ పోతుంది. అలాంటి బట్ట ఇక దొరికేది అక్క పెట్టెలో దాచుకున్న పెళ్లికోటులోనే.

బావ అడగలేక గుమ్మం దగ్గర నసిగాడు. అక్క ఇంతెత్తున లేచింది.

"ఆయన పొట్టకి నా పెళ్లి ముచ్చట కత్తిరించాలా?"

నేనూ వంత పాడాను. బావ విప్పిన కుట్టే తడుముతూ నిలబడ్డాడు. ఆ ముఖం చూసి కాసేపటికి అక్కే పెళ్లికోటు తీసింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా పక్కలు తనే కత్తిరించింది. కళ్లు తుడుచుకుంటూనే చంకల కింద అతుకులు వేసింది.

"కానీ ఆయనకి నిజం చెప్పాలి. నేనూ వస్తాను," అంది. ముగ్గురం ఆయన ఇంటికి వెళ్లాం.

పెద్దాయన కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

"చూశావుటయ్యా, ఏమైనా మారానా?"

బావ వంగి కోటు అంచు సర్దసాగాడు. అక్కే అంది.

"మారారండీ. ప్రతిసారీ ఈయన వదులు చేస్తూ వచ్చారు. ఈసారి బట్ట చాలక ఈయన పెళ్లికోటు కోసి అతికాను."

పెద్దాయన చెయ్యెత్తి, చంక కింద అతుకు తడిమాడు.

"నువ్వు కుట్టావా అమ్మా?"

"మొదటి కాజా నుంచీ నేనేనండీ."

మేం వెళ్లేటప్పుడు సాగనంపడానికి ఆయనే గుమ్మం దాకా వచ్చాడు.

మర్నాడు టీవీ ముందు కూర్చున్నాం. ఉపన్యాసం చివర ఆయన అలవాటుగా కోటు తట్టాడు. జనం చప్పట్లకి చేతులెత్తారు.

"ఈ కోటు నాకింకా సరిపోతోందంటే అది నా గొప్ప కాదు. ఇద్దరు దీన్ని మారుస్తూ వచ్చారు. అందులో ఒకావిడ నాకు ఓటెయ్యలేదనుకుంటాను. వేయనక్కర్లేదు."

"ఇకముందూ వెయ్యను," అంది అక్క. టీవీ చప్పుడు మాత్రం పెంచింది.

బావ ఏమనుకున్నాడో, లేచి మిగిలిన పెళ్లికోటు తొడుక్కుని వచ్చాడు. పక్కలు పోయిన కోటాయె, దారప్పోగులాంటి మనిషికి కూడా గుండీ అందలేదు. అయినా ఊపిరి బిగబట్టి లాక్కుంటూనే ఉన్నాడు.

అక్క ఆయన పక్కకి వెళ్లి ఆ గుండీ మీంచి ఆయన చెయ్యి తీసింది.

"మీకెవరూ చెప్పరు గానీ, బాగా ఒళ్లు చేశారండీ," అంది.