నలభై మంది డాక్టర్ల పిల్లలు

2023 వర్షాకాలం. విశాఖపట్నం కంచరపాలెంలో ఒక ప్రైవేటు హైస్కూలు. తొమ్మిదో తరగతికి నేను ఫ్రెంచి మాస్టారిని. ఫ్రాన్సు మీద మోజుతో ఇక్కడ ఎవరూ ఫ్రెంచి తీసుకోరు. అది ‘స్కోరింగ్ సబ్జెక్టు’, అంటే తక్కువ చదివి ఎక్కువ మార్కులు తెచ్చుకునేది. ప్రశ్నలకు జవాబులు నేనే రాసిస్తాను. దాన్ని ‘కీ’ అంటాం. పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో నాకే అప్పజెబుతారు. నా రాత నేనే దిద్దుకుని నాకు నేనే మంచి మార్కులు వేసుకుంటాను.

‘మీ కుటుంబం’ అన్న ప్రశ్నకు కీలో నాన్న డాక్టరు, అమ్మ టీచరు. ఏటా నలభై పేపర్లలోనూ అంతే. పేటలో అంతమంది డాక్టర్లున్నా మా వీధిలో జ్వరాలు మాత్రం తగ్గలేదు.

ఆ ఏడాది యూనిట్ టెస్టులో ఎస్తేరు అనే అమ్మాయి నాన్న ఉద్యోగం దగ్గర వేరే మాటేదో రాసింది. అది కీలో లేదు, నాకూ తెలీదు. తెలియనిదాన్ని తప్పనడం మా వృత్తిలో ప్రాచీన సంప్రదాయం. జవాబు మొత్తం ఎర్రపెన్నుతో కొట్టేశాను. పాసుకు మూడు మార్కులు తగ్గాయి. ఫెయిలైనవాళ్లను హిందీ సెక్షన్‌కు మార్చేయడం మా ప్రిన్సిపాల్ మేడమ్ పద్ధతి.

మర్నాడు ఎస్తేరు వాళ్ల నాన్న ప్రకాశరావును తీసుకొచ్చింది. పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఆ భారీ మనిషిని చూసి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. ఆయన జేబులోంచి నలిగిన కాగితం ముక్క తీశాడంతే.

“నా పనిని ఫ్రెంచిలో ఏటంటారని పాప అడిగింది సార్. ఆఫ్రికాలో గాబన్ దేశం నుంచి మాంగనీసు ఓడొచ్చింది. అందులో ఒకాయనకి ఆ బాస వచ్చు. క్రేన్ సూపిత్తే ఇది రాసిచ్చినాడు. తప్పు రాసేసినాడేటి?”

ఫోన్లో చూశాను. గ్రూతియే: క్రేన్ నడిపేవాడు.

“తప్పు ఆయనది కాదండీ, నాది,” అన్నాను. ఊరుకోలేక ఎస్తేరును అడిగాను. “కీలో ఉన్నట్టు డాక్టరని రాసేస్తే పోయేది కదమ్మా?”

“మా నాన్న డాక్టరు కాదు కద సార్.”

“ఇంజెక్షనంటే పారిపోతాను నాను,” అన్నాడు ప్రకాశరావు. “హిందీలోకి పంపకండి సార్. ఇంట్లో గిన్నెలన్నిటికీ ఫ్రెంచి పేర్లెట్టీసింది. ఇప్పుడు ఆటికి మళ్లీ హిందీలో పేర్లెవులెడతారు?”

మేడమ్ దగ్గరికి వెళ్లి మార్కులు మారుస్తానన్నాను.

“ఆ జవాబు కీలో ఉందా?”

“లేదు మేడమ్. కీ రాసింది నేనే. నాకు రానిది అందులో ఎలా ఉంటుంది?”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “అయితే కీలో చేర్చి మార్కులు వేయండి,” అన్నారు. ఎస్తేరు ఫ్రెంచిలోనే ఉండిపోయింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. తర్వాతి పరీక్షలో పదకొండు మంది నాన్నలు క్రేన్ నడిపారు. అలా రాసినవాళ్లలో ఒకడు నిజంగానే డాక్టరు కొడుకు.

ఇక లాభం లేదని ఆ ప్రశ్నను కీలోంచి తీసేశాను. మీ ఇంట్లో అడిగి, నిజం రాసుకు రమ్మన్నాను. రైల్వే గ్యాంగ్‌మన్, చేపల వేలంపాట, సింహాచలం మెట్ల దగ్గర కొబ్బరికాయల కొట్టు... ఇలా ముప్పై రకాలు వచ్చాయి. సగానికి పైగా ఫ్రెంచిలో ఏమంటారో నాకు తెలీదు. అప్పటినుంచి క్లాసుకు వెళ్లేముందు నేను చదువుకుని వెళ్తున్నాను. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి.